కుట్టుకు వదిలిన అంగుళం

శ్రీవారికి,

మీ ఇంటావిడ నమస్కారాలు. ఇక్కడ నేను, అత్తయ్య, కుట్టుమిషను ముగ్గురమూ కులాసా. మిషను మాత్రం ఈ పదిహేను రోజులూ నా మీద కాస్త అలిగి ఉంది. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది. మీరు కూడా ఆ సొరంగం తవ్వే పనిలో క్షేమంగా ఉన్నారని, హెల్మెట్టు నెత్తినే పెట్టుకుంటున్నారని, ఏ బల్ల మీదో పెట్టి మర్చిపోవడం లేదని తలుస్తాను.

మీ ఉత్తరం సోమవారం మీ కంపెనీ సామాన్ల లారీ డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. మొదటి పేజీ మీద గ్రీజు మరక చూసి అత్తయ్య, "ఇది మా వాడి బొటనవేలే, వాడు చిన్నప్పుడూ ఇంతే, పుస్తకాలన్నీ వేలిముద్రలే" అని మురిసిపోయారు. రెండుసార్లు పైకి చదివించుకున్నారు. ఇదే లారీ గురువారం వెనక్కి బయల్దేరుతుంది. ఈలోగా ఉత్తరం అందివ్వాలని, కుడుతున్న కర్టెను మధ్యలో ఆపేసి రాస్తున్నాను.

ఏమండీ, కొనేశాను! ఈ మాట మొదటి వాక్యంలోనే రాయాలనుకున్నాను. ఉత్తరానికి ఒక పద్ధతి ఉంటుంది కదా అని క్షేమ సమాచారాల దాకా ఓపిక పట్టాను. ఇక నావల్ల కాదు. ఈ బల్ల మీదే, నా మోచేతి పక్కనే ఉన్నాయి మూడూ: డ్రిల్లు, స్క్రూలు బిగించే మిషను, రంపం. దేనికీ వైరు లేదు. మూలన ఛార్జరు మీద ఎర్రదీపం వెలుగుతోంది. అది ఎప్పుడు పచ్చగా మారుతుందా అని అత్తయ్య పాలు పొయ్యి మీద పెట్టినట్టు దాని దగ్గరే నిలబడి ఉన్నారు.

"అత్తయ్యా, అది పొంగదు. వచ్చి కూర్చోండి" అంటే, "పొంగదని నువ్వెలా చెప్పగలవే, నిన్న గాక మొన్న వచ్చింది" అంటున్నారు.

ముందు మీరు పేజీ అంచున ఇరికించి రాసిన మాట సంగతి. నెలాఖరులోగా ఇంకో రెండేళ్ళకి సంతకం పెట్టమని కంపెనీవాళ్ళు అడుగుతున్నారని రాశారు. క్లినిక్ పని నిలబడితే పెట్టకుండా వచ్చేస్తానని, నిలబడకపోతే పెట్టక తప్పదని, ఏదైనా సరే నిజం రాయమని అడిగారు. ఇన్ని కబుర్ల మధ్య ఆ మాటని అంత చిన్న అక్షరాలతో ఎందుకు రాశారో నాకు తెలుసు. అది చదివాక ఆ పూట నాకు అన్నం సహించలేదు. నిజమే రాస్తాను. కానీ వరసగా రాస్తాను, లేకపోతే మీకు సగమే అర్థమవుతుంది.

పళ్ళ డాక్టరమ్మ గారు మొదటినుంచీ చెప్తున్నది ఒకటే కదా. మూడంతస్తుల కొత్త క్లినిక్కు, కర్టెన్లు ఎలాగూ నేనే కుడుతున్నాను. రాడ్లు, అరలు, అల్మారాలు కూడా మనమే బిగిస్తామంటే సరే, ముందు కింద వెయిటింగ్ హాలు చేసి చూపించండి, నచ్చితే పైవి రెండూ మీకే అన్నారు. మీటరు ఇంకా పెట్టలేదు కనుక అక్కడ కరెంటు లేదు. బ్యాటరీతో నడిచేవైతే తప్ప పని కదలదు. సెట్టు కొనమని మీరు డబ్బు పంపారు. మీరు వచ్చేదాకా హాలు పని చూడడానికి ఒక ఫిట్టరుని మాట్లాడానని పోయిన ఉత్తరంలో నేను రాశాను. ఇంతవరకూ మీకు తెలిసిందే.

ఇప్పుడు కొనుగోలు సంగతి. మొదట జరిగింది చెప్తే నవ్వకూడదు.

బజారు వీధి మలుపులో పనిముట్ల షాపు ఉంది చూడండి, అద్దాల నిండా ఆఫర్ల కాగితాలే, లోపల మనిషి ఉన్నాడో లేడో కూడా కనిపించదు. ఆయనకి అత్తయ్య ఆఫర్లాయన అని పేరు పెట్టారు. అక్కడ డ్రిల్లు ఒకటి మనం అనుకున్న ధరలో సగానికే ఉంది. మంచి కంపెనీ, కొత్త డబ్బా. నేను ఇంకా తిప్పి చూస్తూనే ఉన్నాను, అత్తయ్య నా జబ్బ గిల్లి, "తీసుకో తీసుకో, ఆ వెనకావిడ కన్ను దీని మీదే ఉంది" అన్నారు. వెనకావిడ చూస్తున్నది బల్బులని. అయినా నాకూ కంగారు పుట్టింది. కొనేశాం. దారంతా ఇద్దరం గెలిచినవాళ్ళలా నడిచాం.

ఇంటికొచ్చి విప్పితే డ్రిల్లు ఉంది. పిడి అడుగున పెద్ద ఖాళీ ఉంది. బ్యాటరీ లేదు, ఛార్జరు లేదు. అత్తయ్య డబ్బా తిరగేసి దులిపారు. అట్టల మధ్య వేలు పెట్టి వెతికారు. దారిలో పడిపోయిందేమోనని గుమ్మం దాకా వెళ్ళి చూసొచ్చారు. నాకైతే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. డ్రిల్లు చేతిలో పెట్టుకుని మీట నొక్కుతూ కూర్చున్నాను, టిక్ టిక్ అనడమే తప్ప ఏమీ లేదు.

మర్నాడు షాపు తెరవకముందే అత్తయ్య అక్కడ ఉన్నారు. మోకాళ్ళెలా ఉన్నాయని అడిగారుగా, దెబ్బలాట ఉందంటే ఆవిడ మోకాళ్ళకి ఏ నొప్పీ ఉండదు.

"ఏం నాయనా, కుర్చీ అమ్మి కాళ్ళు వేరే కొనుక్కోమంటావా?"

"అమ్మా, బ్యాటరీ లేదని డబ్బా మీద రాసే ఉందమ్మా."

"ఆ చీమ తలకాయంత అక్షరాలా? అవి చదవగలిగితే నాకు కళ్ళజోడు ఎందుకు?"

ఆఫర్లాయన మంచివాడే, పాపం. మమ్మల్ని కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. ఇంట్లో ఇదివరకే బ్యాటరీలున్నవాళ్ళు అలా ఉత్త మిషను కొనుక్కుంటారట. ఒక కంపెనీ బ్యాటరీ ఆ వరసలోని మిషన్లన్నిటికీ సరిపోతుంది, ఇంకో కంపెనీ దానికి మాత్రం పట్టదు. అందుకని మిషను చూసి మురిసిపోకూడదు, బ్యాటరీ చూసి కొనాలి, ఒకసారి మొదలుపెట్టాక ఇంక వాళ్ళ మిషన్లే కొంటూ పోవాలి అన్నాడు.

నాకు అప్పుడు బుర్రలో దీపం వెలిగింది. "అంటే మనం డ్రిల్లు కొనడం లేదు అత్తయ్యా, ఒక ఇంటితో వియ్యమందుతున్నాం" అన్నాను.

"అలా చెప్పు మరి" అని ఆవిడ సర్దుకుని కూర్చున్నారు. ఇక చూడండి, ఆఫర్లాయన తల ప్రాణం తోకకి వచ్చింది. వీళ్ళ ఇంట్లో మిషన్లు మొత్తం ఎన్ని? బాగుచేసే చోటు మన ఊళ్ళోనే ఉందా, ఎక్కడికో పంపాలా? ఇదే బ్యాటరీ ఇంకో ఐదేళ్ళ తర్వాత దొరుకుతుందా? చెడిపోతే కొత్తది ఇస్తారా, మాటలు చెప్తారా? ఏ ఒక్కటీ వదల్లేదు. మీకు పిల్లని చూడ్డానికి వచ్చినప్పుడు మా ఇంట్లో కూడా ఇన్ని ప్రశ్నలు వేయలేదు ఆవిడ.

కొన్న డ్రిల్లు ఆయన వెనక్కి తీసుకున్నాడు, సెట్టు తన దగ్గరే కొనాలన్న షరతు మీద. ఇక అప్పుడు పెద్ద డబ్బా బయటికి తీశాడు: మీరు రాశారు చూడండి, ఏడు మిషన్ల సెట్టు, అదే. ధర సరిగ్గా మన దగ్గరున్నంత. ఏమండీ, మీ మాట కాదన్నానని కోపం తెచ్చుకోకండి. అందులో మనకి పనికొచ్చేవి మూడే. మిగతావాటిలో ఒకటి టార్చి, ఒకటి ఆకులు ఊదే మిషను, ఒకటి రేడియో. ఆకులు ఊదడానికి మన వాకిట్లో ఆకులేవి? పైగా ఏడింటికీ కలిపి బ్యాటరీలు రెండే. అంటే ఏడుగురు తినే ఇంట్లో కంచాలు రెండు.

రేడియో దగ్గర మాత్రం కాస్త కష్టపడ్డాను. అత్తయ్య అది పెట్టించుకుని ఒక పాట మొత్తం విన్నారు. "పని చేసే చోట పాట ఉంటే బాగుంటుందమ్మాయ్" అని నా వైపు చూడకుండా గోడకి చెప్పారు. నేను వినిపించుకోనట్టే ఉండిపోయాను. ఇప్పటికీ దెప్పుతున్నారు, వడ్డించేటప్పుడు.

చివరికి తేల్చింది ఇది. డ్రిల్లు, స్క్రూల మిషను కలిపి చిన్న సెట్టు, దాంతో రెండు చిన్న బ్యాటరీలు, ఛార్జరు. అదే కంపెనీ రంపం విడిగా, దానికోసం ఒక పెద్ద బ్యాటరీ. రంపం డబ్బాలో బ్యాటరీ లేదు. ఈసారి తెలిసే ఖాళీ డబ్బా కొన్నాను! గర్వంగా కొన్నాను. మోటార్లు మీరు చెప్పినట్టే, లోపల అరిగిపోయే బ్రష్షులు లేని రకం. ఇవన్నీ కొన్నాక కూడా కన్నాలు వేసే మంచి బిట్లకి, కళ్ళద్దాలకి, రసమట్టానికి డబ్బు మిగిలింది. ఏడు మిషన్ల సెట్టు కొని ఉంటే బిట్లు లేక రేడియో వింటూ కూర్చునేవాళ్ళం.

చిన్న బ్యాటరీలు ఎందుకని మీరు అడుగుతారు. బరువున్నదే బలమని రాశారు కదా. నేను షాపులోనే తేల్చుకున్నాను. పెద్ద బ్యాటరీ తగిలించిన డ్రిల్లుని, కర్టెను రాడ్డుకి కన్నం వేస్తున్నట్టు నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని, "మీ ఆఫర్లు చెప్పండి, వింటాను" అన్నాను. ఆయన రెండో ఆఫరు పూర్తి చేయకముందే నా చెయ్యి వణికింది. దించి, అదే డ్రిల్లుకి చిన్న బ్యాటరీ వేసి మళ్ళీ ఎత్తాను. ఆయన ఆఫర్లన్నీ చెప్పేశాడు, మంచినీళ్ళు తాగాడు, పోయిన ఏడాదివి కూడా చెప్పాడు. నా చెయ్యి అలాగే నిలబడి ఉంది. చిన్నదైతే త్వరగా అయిపోతుంది, నిజమే. కానీ ఒకటి అక్కడ వాడుతుంటే ఇంకోటి ఇంట్లో నిండుతుంది. మన హాలు నిండా తల పైన చేసే పనే.

"ఎవరు వాడతారమ్మా ఇది?" అన్నాడు ఆఫర్లాయన.

"మా ఫిట్టరు" అన్నాను.

"అయితే ఆయన్నే తీసుకురండి. చూడాల్సింది ఆయన చెయ్యి కదా."

"ఆ చెయ్యి, ఈ చెయ్యి ఒకటే అనుకో నాయనా" అన్నారు అత్తయ్య. నేను ఆవిడ కాలు తొక్కాను.

బాత్రూము గడియ ఇంకా బిగుసుకుంటోందా అని అడిగారు. మొట్టమొదట బాగుపడింది అదే. పాత స్క్రూలు పీకి, కొంచెం పైకి జరిపి కొత్త కన్నాలు వేశాను. ఇప్పుడు వేలితో తోస్తే పడుతోంది. ఇక ఆ పూట నన్ను ఆపేవాళ్ళే లేరు. మంచం, కుర్చీలు, కుట్టుమిషను బల్ల, వంటింటి కిటికీ రెక్క, కదిలేవన్నీ బిగించుకుంటూ పోయాను. అత్తయ్య గోడకి ఆనుకుని, "ఇంక ఈ ఇంట్లో వదులుగా ఉన్నవి నా పళ్ళే. నా దగ్గరికి మాత్రం రాకు" అన్నారు.

ఇక మీరు అరపేజీ రాసిన ఫిట్టరు సంగతి. మీరు అడిగినవాటికి అడిగినట్టే జవాబు రాస్తున్నాను. తాగే అలవాటు లేదు, టీ మాత్రం ఎక్కువ. చెప్పిన టైముకి వస్తారు. చెయ్యి నిలకడే. డబ్బు విషయంలో గీచి గీచి బేరమాడే మనిషే కానీ మోసం లేదు. అరుస్తారా అని అడిగారు, అప్పుడప్పుడు. అనుభవం ఎంత అని అడిగారు. అక్కడే చిక్కు వచ్చింది. రాడ్లు బిగించడంలో అనుభవం మొత్తం ఒక హాలు.

అత్తయ్య నా భుజం మీంచి ఇది చదివి, "చాల్లే, వాణ్ణి ఇంక ఏడిపించకు, చెప్పెయ్" అంటున్నారు.

ఏమండీ, ఆ ఫిట్టరుని నేనే.

మీకు అబద్ధం రాయాలనుకోలేదు. నేను రాసిన రోజున ఒక మనిషిని నిజంగానే మాట్లాడాను. బయానా కూడా ఇవ్వబోయాను. మర్నాడు, అప్పటికే లారీ వెళ్ళిపోయింది, ఆయన వచ్చి తనకి పెద్ద పని తగిలిందని, రెండు నెలల దాకా కుదరదని చెప్పి వెళ్ళిపోయాడు. ఇంకో ఇద్దరిని అడిగాను. కరెంటు లేని చోటికి రామన్నారు. డాక్టరమ్మ గారేమో పదిహేను రోజుల్లో హాలు చూపించకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానన్నారు. ఆ సాయంత్రం కుట్టుమిషను ముందు కూర్చుని చాలాసేపు ఏమీ కుట్టలేదు. ఈ పని పోతే మీరు అక్కడే ఉండిపోతారు, ఇంకెన్నేళ్ళో ఇలాగే ఉత్తరాల్లో కాపరం చేయాలి అనుకున్నాను. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుని, "కొలతలు తీసేది నువ్వే, రాడ్డు ఎక్కడ రావాలో చెప్పేది నువ్వే. ఇంక మిగిలింది కన్నమే కదే" అన్నారు. అంతే. సెట్టుని నా చేత్తో ఎత్తి చూసి కొన్నది అందుకే.

మొదటి రోజు సంగతి దాచను. గోడకి డ్రిల్లు ఆనించి ఎంత నొక్కినా సున్నం రాలుతోంది గానీ కన్నం పడదు. ఇదేం గోడరా నాయనా అనుకుంటున్నాను. పక్క నిచ్చెన మీద రంగులు వేస్తున్న పెయింటరు కాసేపు చూసి, "అక్కా, అది వెనక్కి తిరుగుతున్నట్టుంది" అన్నాడు. చూస్తే నిజమే, తిరిగే వైపు మార్చే మీట ఇటువైపు తోసి ఉంది. అటు తోయగానే వెన్నలో దిగినట్టు దిగింది. నేను నిచ్చెన మీదే కేక పెట్టాను. సాయంత్రానికి కిటికీలన్నిటికీ రాడ్లు ఎక్కాయి. రసమట్టం పెట్టి చూస్తే గాలిబుడగ ఎక్కడా మధ్య గీతలు దాటలేదు.

అసలు గండం అరల దగ్గర వచ్చింది. హాల్లో రెండు స్తంభాల మధ్య లోతుగా ఒక గూడు ఉంది. పుస్తకాలకి, పిల్లల బొమ్మలకి అందులో ఐదు అరలు కావాలన్నారు. కొలత తీశాను. ఇంట్లో రెండు స్టూళ్ళ మీద పలకలు పెట్టి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి రంపంతో ఐదూ కోశాను. ఆటోలో వేసుకుని వెళ్ళి గూట్లో పెడితే పట్టలేదు. తిప్పి పెట్టినా పట్టలేదు.

"అక్కా, పలక పెరిగిందా, గోడ తగ్గిందా?" అన్నాడు పెయింటరు.

టేపు పెట్టి చూశాను. ఐదు పలకలూ అటో అంగుళం, ఇటో అంగుళం ఎక్కువున్నాయి. ఏం చేశానో అప్పుడు అర్థమైంది. పన్నెండేళ్ళుగా గుడ్డ కోస్తున్న చెయ్యి కదండీ! కొలత సరిగ్గానే తీసి, కోసేటప్పుడు మాత్రం అలవాటుగా కుట్టుకు వదిలేశాను. చెక్కకి కుట్టేమిటి, మడతేమిటి! సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి. ఇంతకీ ఈ సంగతి మీరు మీ సొరంగంలో ఎవరికీ చెప్పకండి.

ఎక్కువైంది తీసేస్తే సరి అనుకుని ఒక పలకని ఖచ్చితంగా కొలతకి కోసి పెట్టాను. ముందువైపు సరిపోయింది. వెనకవైపు చూస్తే గోడకీ చెక్కకీ మధ్య నా వేలు దూరేంత సందు. కొత్త కట్టడమే గానీ ఆ గూడు చచ్చినా చతురస్రం కాదు. ఒక స్తంభం లోపలికి పోయేకొద్దీ పక్కకి జరిగింది, ఇంకోటి మధ్యలో పొట్ట పెట్టింది. ఐదు అరల చోటా ఐదు వెడల్పులు. ఏమండీ, నేను ముందే అన్నిటినీ కొలతకి కోసి ఉంటే ఐదూ పాడయ్యేవి. నా మతిమరుపు అంగుళం నాలుగు పలకలకి ఇంకా మిగిలే ఉంది!

అప్పుడు నాకు భయం పోయింది. ఒక భుజం దిగి ఉన్న మనిషి వస్తే మనం ఏం చేస్తాం? మనిషిని తిట్టం కదా, ఆ భుజానికి తగ్గట్టు కోస్తాం. పాత పేపర్లు తెప్పించి, ఒక్కొక్క అర చోటా గూట్లో పరిచి, గోడ ఎలా ఉంటే అలా అంచులు మడిచి ఐదు నమూనాలు తీశాను. వాటిని పలకల మీద పరిచి సుద్దముక్కతో గీశాను. గీత వెంట రంపం, వంకర ఉన్నచోట గరుకు కాగితం. పెట్టి చూడడం, తీయడం, కొంచెం రుద్దడం, మళ్ళీ పెట్టడం. చొక్కా తొడిగి చూసినట్టే. పెద్ద బ్యాటరీ సగం పనిలో అయిపోతే, ఇంటికెళ్ళి నింపుకుని వచ్చాను. పొట్టిగా కోసిన ఆ మొదటి పలక హాలు గుమ్మం పక్కన చెప్పుల గూటికి సరిపోయింది, దాని బదులు ఇంకోటి కోశాను. ఈసారి కావాలనే అంగుళం వదిలి.

నిన్న డాక్టరమ్మ గారు చూడడానికి వచ్చారు. నేను పక్కన నిలబడ్డాను. ఆవిడ సంచిలోంచి మందులు రాసే కాగితం ఒకటి తీసి, అరకీ గోడకీ మధ్య దూర్చబోయారు. దూరలేదు. కింది అరకి వెళ్ళారు. అక్కడా దూరలేదు. ఐదింటికీ చూశారు.

"మా ఇంట్లో అల్మారా వెనక పడిన దువ్వెన ఇంతవరకూ దొరకలేదు. ఇంత బిగువుగా ఎవరు చేశారమ్మా? ఆ ఫిట్టరుతో నేను మాట్లాడాలి" అన్నారు.

"మాట్లాడుతూనే ఉన్నారండీ" అన్నాను.

ఆవిడ నా వైపు చూశారు. నా చేతుల వైపు చూశారు, జుట్టు నిండా చెక్కపొట్టు. తర్వాత నవ్వారు చూడండి, పళ్ళ డాక్టరు కదా, అన్ని పళ్ళూ కనిపించేలా నవ్వారు. పై రెండు అంతస్తులూ మనకే. మాట కాదు, అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. ఇంటికొచ్చి అత్తయ్యని పట్టుకుని గిరగిరా తిప్పాను. కుట్టుమిషను అలక ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

సంతోషం చెప్పాను కనుక భయం కూడా చెప్తాను. మీ చేతిలో ఊహించుకుని కొనమన్న సెట్టుని నా చేతికి కొలిచి కొన్నాను. మీకు చెప్పకుండా పని మొదలుపెట్టాను. మీకు చిన్నతనంగా అనిపిస్తుందేమోనని ఈ పేజీ రెండుసార్లు చింపి మళ్ళీ రాశాను. కానీ నిజం రాయమన్నారు కదా. నాకు ఆ పని చాలా ఇష్టంగా ఉందండీ. ఒక్క రంపం అంటే మాత్రం ఇప్పటికీ నాకు భయమే. పైన అల్మారాలున్నాయి, పెద్ద పెద్ద పలకలు. అవి నేను ఒక్కదాన్ని కోయలేను, కోయాలని లేదు కూడా. ఆ పెద్ద బ్యాటరీ బరువు మీ చేతికే సరి. తల పైన పని నాది, రంపం మీది. నమూనా నేను తీస్తాను, గీత వెంట మీరు కోయండి. రెండేళ్ళు ఇనుము కోసిన చేతికి చెక్క ఒక లెక్కా!

సంతకం పెట్టకండి.

పై అంతస్తులు ఎప్పుడు మొదలుపెడతారని డాక్టరమ్మ గారు అడిగారు. మీ గడువు వచ్చే నెలాఖరుతో అయిపోతుంది, ఆ మర్నాడే అని చెప్పెయ్యొచ్చు, కానీ చెప్పలేదు. ఇంకో వారం తర్వాత అని చెప్పాను. లారీ ఆలస్యం కావచ్చు, వాళ్ళు లెక్కలు తేల్చడం ఆలస్యం కావచ్చు, వచ్చాక మీరు రెండు రోజులు పడుకుని లేవాలి. అలవాటు కదండీ, కుట్టుకు వదిలాను.

దీపం పచ్చగా మారిందని అత్తయ్య కేకేస్తున్నారు. మొదటి అంతస్తు డబ్బు రాగానే రేడియో కొనాలని ఆవిడ తరఫున రాయమంటున్నారు. రాశాను.

ఇట్లు,
మీరు "మంచివాడేనా?" అని అడిగిన ఫిట్టరు,
మీ భార్య.